బావకి కామెర్లు. టీసీ (రక్తంలో తెల్లకణాల లెక్క) 16,800 నుంచి 22,400 అయింది. స్టెరాయిడ్ వల్లా, ఇన్ఫెక్షన్ వల్లా?

మిర్చియార్డు_గుమాస్తా:

రాత్రి పదకొండున్నర దాటింది. హాస్పిటల్ వరండాలో బల్ల మీద కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. సీజను కాబట్టి పగలంతా టిక్కీల లెక్క, రాత్రి మా బావ దగ్గర కాపలా. పగలు అక్క ఉంటుంది.

బావకి నలభై నాలుగేళ్లు, లారీ డ్రైవరు. పదిహేనేళ్ల నుంచి మందు అలవాటు. రోజుకో క్వార్టర్ అని ఆయన లెక్క, అసలు లెక్క అక్కకి తెలుసు. సంక్రాంతికి మొదలుపెట్టి ఇంక ఆపలేదు. కళ్లు పచ్చబడ్డాయి. మా వాళ్లు అలవాటు ప్రకారం ముందు పసరు మందుకి తీసుకెళ్లారు, పథ్యం పెట్టారు, పది రోజులు అలా పోయాయి. పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, రాత్రుళ్లు నిద్రలేక పగలంతా మగతగా పడుంటుంటే అప్పుడు కొత్తపేట తీసుకొచ్చి చేర్పించాం.

చేర్పించిన రోజు రిపోర్టు ఇది: కామెర్లు చెప్పే బిలిరుబిన్ 18.4, లివరు ఎంజైములు ఎస్జీఓటీ 190, ఎస్జీపీటీ 70, రక్తం గడ్డకట్టే టైము పీటీ 24 సెకన్లు, పక్కన కంట్రోల్ 13 అని ఉంది, అదే ఇంకో లెక్కలో ఐఎన్ఆర్ 1.9. కిడ్నీల లెక్కలు యూరియా 38, క్రియాటినిన్ 1.1. ప్లేట్‌లెట్స్ లక్షా పది వేలు. టీసీ 16,800, అందులో న్యూట్రోఫిల్స్ అనే రకం 84 శాతం, లింఫోసైట్స్ అనే రకం 10 శాతం. మర్నాడు స్టెరాయిడ్ బిళ్లలు మొదలుపెట్టారు, రోజుకి 40 మిల్లీగ్రాములు. నిన్న మళ్లీ రక్తం తీస్తే టీసీ 22,400, న్యూట్రోఫిల్స్ 90, లింఫోసైట్స్ 5. జ్వరం మాత్రం లేదు.

ఎస్జీపీటీ 70 చూసి మేం సంతోషపడ్డాం. మా ఓనరుగారి అబ్బాయికి కామెర్లొచ్చినప్పుడు అది రెండు వేలు దాటింది, అయినా ఇరవై రోజుల్లో లేచి తిరిగాడు. మరి డెబ్బైకే మావాడు ఇలా పడిపోవడం ఏంటో అర్థం కావట్లేదు. డాక్టరుగారు రౌండ్స్‌లో రిపోర్టు చూసి "కౌంట్ పెరుగుతోంది, మంచిది కాదు, చూద్దాం" అని పక్క బెడ్‌కి వెళ్లిపోయారు. పక్క బెడ్ వాళ్లేమో తెల్లకణాలు పెరిగితే బ్లడ్ క్యాన్సర్ అని అక్కతో అన్నారు. అక్క సాయంత్రం నుంచి అన్నం ముట్టలేదు.

కామెర్లకీ తెల్లకణాలకీ ఏంటి సంబంధం? ఇది స్టెరాయిడ్ వల్ల పెరిగిందా, ఇన్ఫెక్షన్ పట్టిందా, లేక లివరే ఇంకా చెడిపోతోందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.


తెనాలి_సైకిల్:

నేల ఉసిరి దంచి రసం పరగడుపున ఇవ్వండి బ్రదర్. మా పెదనాన్నకి వారంలో తగ్గింది. ఈ టీసీలు డీసీలు చూసి టెన్షన్ పడకండి.


కొత్తపేట_మైక్రోస్కోప్:

తెనాలి బాబూ, మీ పెదనాన్నగారికి వచ్చింది నీళ్ల వల్ల వచ్చే కామెర్లయి ఉంటాయి. హెపటైటిస్ ఏ చాలామందిలో దానంతట అదే పోతుంది. ఆ పేరు నేల ఉసిరి కొట్టేస్తుంది. ఈ కేసు అది కాదు, దయచేసి ఇక్కడ రసాల సలహాలు వద్దు.

గుమాస్తా బాబూ, నేను డాక్టర్ని కాను. ముప్పై మూడేళ్లు ల్యాబులో చేసి రిటైరయ్యాను. రక్తం గురించి నాకు తెలిసింది చెప్తాను, వైద్యం గురించి మీ డాక్టరుగారినే అడుగు.

ముందు అక్కకి క్యాన్సర్ భయం పోగొట్టు. మీరు రాసిన 90 న్యూట్రోఫిల్స్ పండిన కణాలు. ఒంట్లో ఎక్కడన్నా మంట (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నా, చీము ఉన్నా, స్టెరాయిడ్ వేసినా పెరిగేవి అవే. కామెర్ల మనిషిలో, అదీ స్టెరాయిడ్ మీద ఉన్న మనిషిలో ఈ అంకె చూసి ల్యాబులో మేమెవరం ముందుగా క్యాన్సర్ అనుకోం.

స్టెరాయిడ్ ఏం చేస్తుందో చెప్తాను. మన రక్తంలో న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం రక్తంతోపాటు తిరగవు, నాళాల గోడలకి అంటుకుని కూర్చుంటాయి. సూదితో తీసిన రక్తంలో అవి రావు, లెక్కలోకీ రావు. బెజవాడ బస్టాండులో బెంచీల మీద కూర్చున్న జనం ఉన్నారనుకో. హైదరాబాద్ బస్సు ప్లాట్‌ఫారం మీదకి వస్తుందని మైకులో చెప్పగానే అందరూ ఒక్కసారి లేస్తారు. గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేవాడికి జనం రెట్టింపైనట్టు ఉంటుంది, ఊళ్లోంచి కొత్తగా ఎవరూ రాకపోయినా. స్టెరాయిడ్ ఆ మైకు లాంటిది. దాంతోపాటు మూలుగలో సిద్ధంగా ఉన్న కణాల్ని కూడా బయటికి తోస్తుంది. లింఫోసైట్స్‌నీ, ఇసినోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాల్నీ తగ్గిస్తుంది. కాబట్టి 16 వేలు 22 వేలు కావడంలో, 10 కాస్తా 5 కావడంలో స్టెరాయిడ్ వాటా తప్పకుండా ఉంది. మొత్తం అదేనా అంటే ఆ కాయితం చూసి ఎవరూ చెప్పలేరు.

శాతం చూసి మోసపోవద్దు, అసలు సంఖ్య కట్టు. నువ్వు లెక్కల మనిషివే కదా. మొదటిరోజు 16,800లో 84 శాతం అంటే 14,112 న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ 1,680. న్యూట్రోఫిల్స్ లింఫోసైట్స్‌కి దాదాపు ఎనిమిదిన్నర రెట్లు. నిన్నటిది 20,160కి 1,120, పద్దెనిమిది రెట్లు. ఈ రెట్లనే ఈమధ్య డాక్టర్లు ఎన్ఎల్ఆర్ అంటున్నారు. లివరు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఇది పెరిగేకొద్దీ పరిస్థితి బరువని చెప్తారు. అయితే నా మాట ఒకటి విను. చేత్తో డీసీ, అంటే తెల్లకణాల రకాలవారీ లెక్క, చేస్తే మేం లెక్కపెట్టేది వంద కణాలు. ఆ వందలో లింఫోసైట్స్ 5 వచ్చాయంటే, అదే స్లైడు మరో మూలన మళ్లీ లెక్కపెడితే 8 రావచ్చు. 5 అయితే పద్దెనిమిది రెట్లు, 8 అయితే పదకొండే. అంకె ఎంత పెద్దగా కనిపిస్తే దాని పునాది అంత చిన్నదని గుర్తుపెట్టుకో. మెషీన్లు వేలల్లో లెక్కపెడతాయి, ఆ తేడా తక్కువ. కానీ మెషీన్ ముడి కణాల్ని పట్టుకోవడంలో తడబడుతుంది. ఒక్కోసారి న్యూక్లియస్ ఉన్న ఎర్రకణాల్ని కూడా తెల్లకణాల్లో కలిపేస్తుంది.

అందుకని ఒక పని చెయ్యి. పెరిఫెరల్ స్మియర్, అంటే రక్తపు చుక్కని స్లైడు మీద పూసి మైక్రోస్కోప్ కింద, చూడమని అడుగు. అందులో బ్యాండ్ కణాలు, అంటే ఇంకా పండని న్యూట్రోఫిల్స్, ఎన్ని ఉన్నాయో, టాక్సిక్ గ్రాన్యూల్స్ ఉన్నాయో లేదో రాయమను. స్టెరాయిడ్ ఒక్కటే కారణమైతే బ్యాండ్లు పెద్దగా ఉండవు, కణం లోపల ఆ ముదురు చుక్కలూ ఉండవు. ఇన్ఫెక్షన్ అయితే తరచూ ఉంటాయి. ఇంకోటి, రక్తం సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయలేదు కదా? అలా తీస్తే కౌంట్ పలచబడి తక్కువ చూపిస్తుంది. రెండు రిపోర్టులూ ఒకే ల్యాబువేనా?

నేను చేరిన కొత్తలో ఈ మెషీన్లు లేవు. పిపెట్‌లో రక్తం ఇరవై రెట్లు పలచన చేసి, న్యూబార్ చాంబర్‌లో నాలుగు మూలల గళ్లూ లెక్కపెట్టి యాభైతో గుణించేవాళ్లం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఒకసారి ఒక కామెర్ల పిల్లాడి స్లైడులో ఎక్కడ చూసినా ఎర్ర గుళికల కణాలే, ఇసినోఫిల్స్ పద్దెనిమిది శాతం. పురుగులున్నాయేమోనని రాసి పంపేదాన్నే. పక్కన నిలబడ్డ వాళ్లమ్మ, ఒళ్లంతా దద్దుర్లు, ఫిట్స్ బిళ్లలు కొత్తగా మొదలుపెట్టారు అంది. పరుగెత్తి డాక్టరుగారికి చెప్పాను, ఆ బిళ్లలు ఆపించారు. డీసీలో చివరి రెండు లైన్లు ఎవరూ చదవరు బాబూ. నీ కాయితంలో ఇసినోఫిల్స్ ఎంతో నువ్వు కూడా రాయలేదు చూడు.


మిర్చియార్డు_గుమాస్తా:

అమ్మా, చాలా థాంక్స్. ఇసినోఫిల్స్ మొదట 1, నిన్న 0. రెండు రిపోర్టులూ హాస్పిటల్ ల్యాబువే. రక్తం ఏ చేతి నుంచి తీశారో అక్కని అడగాలి. బస్టాండు సంగతి అక్కకి చదివి వినిపించాను, రెండు ఇడ్లీలు తింది.


బెజవాడ_పీజీ:

కొత్తపేట మేడమ్ చెప్పినదాంట్లో నేను దిద్దాల్సింది ఏమీ లేదు. నేను విజయవాడలో డాక్టరుగా పీజీ ట్రెయినింగ్‌లో ఉన్నాను. ఆన్‌లైన్‌లో వేరేవాళ్ల పేషెంట్ గురించి ఇలా అవుతుంది, అలా అవుతుంది అని చెప్పను. అక్కడ మంచం పక్కన ఉన్న డాక్టరుకి తెలిసింది నాకు తెలియదు. కానీ మీ మూడు ప్రశ్నలకీ జవాబు ఉంది.

మొదట ఎస్జీపీటీ. మద్యం వల్ల వచ్చే హెపటైటిస్‌లో ఎస్జీఓటీ సాధారణంగా 300 దాటదు, ఎస్జీపీటీ అందులో సగం కూడా ఉండదు. మీ బావ రిపోర్టు అచ్చం అలాగే ఉంది. ఓనరుగారి అబ్బాయికి రెండు వేలు వచ్చి కోలుకోవడం, మీ బావకి డెబ్బైకే మగత రావడం, రెండూ వింతేం కాదు. ఈ ఎంజైములు లివరు కణాలు ఎంతగా పగులుతున్నాయో చెప్తాయి గానీ, లివరు ఎంత పని చేస్తోందో చెప్పవు. అది చెప్పేవి పీటీ, బిలిరుబిన్. నేనైతే మీ కాయితంలో ముందు 24 సెకన్ల దగ్గర ఆగుతాను, 22,400 దగ్గర కాదు.

తెల్లకణాల సంగతి. ఈ జబ్బులో ఇన్ఫెక్షన్ లేకుండానే కౌంట్ పెరుగుతుంది. దెబ్బతిన్న లివరు కణాలు న్యూట్రోఫిల్స్‌ని పిలిచే రసాయనాలు వదులుతాయి, ఇంటర్‌ల్యూకిన్ 8 వాటిలో ఒకటి. పేగు గోడ సందుల్లోంచి బ్యాక్టీరియా ముక్కలు కూడా లివరుకి చేరి మంట పెంచుతాయి. బయాప్సీ చేస్తే లివరులోనే న్యూట్రోఫిల్స్ గుంపులుగా కనిపిస్తాయి. అరుదుగా కౌంట్ యాభై వేలు దాటి, చూడ్డానికి ల్యుకీమియాలాగే ఉంటుంది. పక్క బెడ్ వాళ్లు విన్నది అలాంటిదేదో అయి ఉంటుంది. అది క్యాన్సర్ కాదు గానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు.

మరి ఇది చెడు సూచనా అంటే, అవును. అయితే ఎంత? ఈ జబ్బు ఎంత బరువో కొలిచే, 2005లో వచ్చిన గ్లాస్గో స్కోర్‌లో అయిదు అంశాలున్నాయి: వయసు, తెల్లకణాలు, యూరియా, పీటీ, బిలిరుబిన్. మొత్తం 5 నుంచి 12 దాకా వస్తుంది, 9 గానీ ఆపైన గానీ వస్తే జబ్బు బరువని లెక్క. తెల్లకణాలు 15 వేల లోపుంటే ఒక మార్కు, దాటితే రెండు. పీటీకీ బిలిరుబిన్‌కీ మూడేసి దాకా ఉన్నాయి. అంటే తెల్లకణాలు సాక్షుల్లో ఒకటి, అసలు సాక్షి కాదు. పైగా 16,800 అయినా 22,400 అయినా ఆ స్కోర్‌లో మార్కులు రెండే. మీరు రెండు రోజులుగా భయపడుతున్న ఆ పెరుగుదల అక్కడ ఒక్క మార్కు కూడా మార్చదు. మీ డాక్టరు బహుశా చూస్తున్న మ్యాడ్రీ లెక్కలోగానీ, మెల్డ్ అనే ఇంకో లివరు స్కోర్‌లోగానీ తెల్లకణాలు అసలే లేవు. ముదిరిన లివరు జబ్బు మీద ఒక్కసారిగా అవయవాలు చేతులెత్తేసినప్పుడు వాడే క్లిఫ్ స్కోర్‌లో మాత్రం వయసుతోపాటు ఇవీ ఉంటాయి.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సింది ఇన్ఫెక్షన్ గురించి. ఈ పేషెంట్లలో జ్వరం లేదని ధైర్యం తెచ్చుకోకూడదు, చాలామందికి రాదు. న్యూట్రోఫిల్స్ సంఖ్యలో ఇరవై వేలున్నా పనిలో మందకొడిగా ఉంటాయి, సూక్ష్మజీవిని పట్టి మింగే శక్తి తగ్గిపోతుంది. స్టెరాయిడ్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. వెయ్యి మందికి పైగా పేషెంట్లతో బ్రిటన్‌లో జరిగిన స్టోపా ట్రయల్ 2015లో వచ్చింది. అందులో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 13 శాతం మందికి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి, తీసుకోనివాళ్లలో 7 శాతం. కాబట్టి రేపు రౌండ్స్‌లో ఇవి అడగండి: బ్లడ్ కల్చర్, యూరిన్ కల్చర్ పంపారా? ఛాతీ ఎక్స్‌రే తీశారా? పొట్టలో నీరుంది కాబట్టి సూదితో తీసి కణాలు చూశారా? ఆ నీటిలో న్యూట్రోఫిల్స్ 250 గానీ అంతకు మించి గానీ ఉంటే అది ఇన్ఫెక్షనే, కల్చర్ కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. రక్తంలో 22 వేల కంటే పొట్ట నీటిలో ఆ 250కి విలువెక్కువ.

స్టెరాయిడ్ మొదలైన ఏడో రోజు బిలిరుబిన్ మళ్లీ చూసి లిల్ స్కోర్ కడతారు. 0.45 దాటితే మందు పట్టలేదని సాధారణంగా ఆపేస్తారు. అందులోనూ తెల్లకణాల ప్రస్తావన లేదు.

మేడమ్ చెప్పిన ఇసినోఫిల్స్ గురించి ఒక ముక్క. మందుల వల్ల లివరు దెబ్బతిన్నప్పుడు అవి కనిపిస్తే సగటున కోలుకునే అవకాశం కొంచెం ఎక్కువని చూశారు. తెల్లకణాల్లో ప్రతి పెరుగుదలా చెడ్డది కాదు. డెంగీలో మళ్లీ తిరకాసు, ఎంజైములు పైకి, కౌంట్ కిందికి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగి లెప్టో అనే జ్వరం వచ్చినవాళ్లలో కామెర్లూ కౌంటూ రెండూ పైకే.


మంగళగిరి_మగ్గం:

మీకు పెరిగిందని భయం. మాకు నార్మల్ వచ్చిందని సంతోషపడి దెబ్బతిన్నాం, అది చెప్దామని.

మా నాన్నకి హెపటైటిస్ సి వల్ల సిర్రోసిస్, అంటే లివరు మచ్చలు పడి గట్టిపడిపోయింది. ప్లీహం బాగా పెరిగి, అది కణాల్ని లోపలే పట్టి ఉంచుకునేది. ఏ ల్యాబులో చేయించినా ఆయన టీసీ 2,500, 2,700, అంతే. ఎప్పుడూ పక్కన తక్కువని నక్షత్రం గుర్తు. ఒకసారి రెండు రోజులు అన్నం తినలేదు, పొట్ట కొంచెం నొప్పన్నాడు, జ్వరం లేదు. పక్క వీధిలో రక్తం ఇస్తే టీసీ 7,900 వచ్చింది, నక్షత్రం లేదు. ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆ కాయితం చూసిన డాక్టరు కూడా కౌంట్ నార్మల్ అని గ్యాస్ బిళ్ల రాశాడు. తప్పు ఆయనది మాత్రమే అనను, పాత రిపోర్టులు మేం తీసుకెళ్లలేదు.

మర్నాటికి మాటలు కలగాపులగం. గుంటూరు తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగింది పాత సీబీపీ (రక్తకణాల పరీక్ష) ఏదని. తమ్ముడు ఇంటికెళ్లి బీరువా మీది పాలిథిన్ కవరు తెచ్చాడు. ఆమె పాతవీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఈయనకి 7,900 అంటే మూడు రెట్లు పెరిగినట్టండీ అంది. వెంటనే పొట్టలో నీరు తీశారు, అందులో 1,100 న్యూట్రోఫిల్స్. యాంటీబయాటిక్, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కించారు. బతికాడు. ఆ తర్వాత ఏడాదిన్నర మగ్గం ముందు కూర్చోలేకపోయినా, పక్కన కుర్చీలో కూర్చుని మాకు పోగులు తప్పు పడితే తిట్టేవాడు.

మీ బావకి తాగుడు మొదలవకముందు ఏదన్నా పాత రక్త పరీక్ష ఉందా? లైసెన్సుకో, ఆపరేషన్‌కో, దేనికో చేయించి ఉంటే వెతకండి.


బెజవాడ_పీజీ:

మగ్గం అన్నా, మీరు చెప్పిన ఆ 7,900 మాకు క్లాసులో చెప్పాల్సిన కేసు. బావగారి ప్లేట్‌లెట్స్ లక్షా పది వేలే ఉన్నాయి. అది మద్యం వల్ల మూలుగ మందగించడం కావచ్చు, ప్లీహం పెరగడం కావచ్చు. ప్లీహం పెరిగి ఉంటే ఆయన మామూలు కౌంట్ కూడా తక్కువే అయి ఉంటుంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ప్లీహం ఎన్ని సెంటీమీటర్లని రాశారో చూడండి.


మిర్చియార్డు_గుమాస్తా:

అయిదు రోజులు ఇటు రాలేకపోయాను. యార్డులో సరుకు పోటెత్తింది, ఇక్కడేమో ఇది.

మీరు చెప్పినవన్నీ చీటీ మీద రాసుకుని రౌండ్స్‌లో అడిగాను. డాక్టరుగారు మొదట మొహం అదోలా పెట్టారు, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడారు. కల్చర్లు మొదటిరోజే పంపారట, మాకు చెప్పలేదంతే. రక్తంలోగానీ యూరిన్‌లోగానీ ఏమీ పెరగలేదు. పొట్ట నీరు ఆ రోజు మధ్యాహ్నం తీశారు, న్యూట్రోఫిల్స్ 90. స్మియర్‌లో బ్యాండ్లు 3 శాతం, టాక్సిక్ గ్రాన్యూల్స్ లేవని రాశారు. ప్లీహం 13.8 సెంటీమీటర్లు, కొంచెం పెద్దదే అన్నారు.

నిన్న ఏడో రోజు. బిలిరుబిన్ 13.1. టీసీ 18,200, న్యూట్రోఫిల్స్ 86, లింఫోసైట్స్ 8, ఇసినోఫిల్స్ 0. పీజీగారు చెప్పిన ఆ లెక్క ఫోన్లో కట్టి, 0.45కి బాగా కిందే ఉంది, బిళ్లలు కొనసాగిద్దాం అన్నారు. ఇంకా గట్టున పడ్డట్టు కాదని కూడా అన్నారు. పగటి మగత తగ్గింది. మొన్న రాత్రి లేచి కూర్చుని, లారీ ఎవరికిచ్చారు, టైర్లు చూశారా అని గొడవ పెట్టుకున్నాడు.

మగ్గం అన్నా, పాత రిపోర్టు దొరికింది. మూడేళ్ల కింద చెయ్యి విరిగినప్పుడు చేసింది, టీసీ 5,200. లారీ కాయితాల మధ్య ఉంది.


కొత్తపేట_మైక్రోస్కోప్:

5,200 అయితే మొదటిరోజు 16,800 అంటేనే మూడింతలు అన్నమాట. అది స్టెరాయిడ్‌కి ముందుది, దాన్ని స్టెరాయిడ్ మీదకి నెట్టలేం. లివరు మంటే. ఆ పాత కాయితం ఫోటో తీసి కేసు షీటుకి జత చేయించు బాబూ. స్టెరాయిడ్ ఆపాక కౌంట్ ఎటు పోతుందో అప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. మళ్లీ ఎప్పుడు రక్తం తీస్తారు?


మిర్చియార్డు_గుమాస్తా:

గురువారం అమ్మా. స్మియర్ కూడా చూడాలని ముందే చీటీ మీద రాయించాను. సెలైన్ లేని చేతి నుంచి తీయమని అక్క సిస్టర్‌కి చెప్పిందట, సిస్టర్ నవ్వి "మీరు ల్యాబులో పనిచేస్తారా" అని అడిగిందట.